ఏజీఎం గారి పధ్నాలుగు కర్రలు

మా అపార్ట్‌మెంటు మేడ మీద నీళ్ల ట్యాంకుకీ లిఫ్టు గదికీ మధ్య చేపల వల ఒకటి కట్టి ఉంటుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు అది పావురాల కోసం కట్టారనుకుని అసోసియేషన్‌ని మెచ్చుకుంటారు. మర్నాడు పొద్దున్న అయిదున్నరకి పైనుంచి ‘ఠప్’ మని వినపడుతుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అయిపోయింది కదా అని మళ్లీ కన్ను మూయగానే ఇంకో ‘ఠప్’. ఆ రెండు ఠప్పుల మధ్య ఏజీఎం గారు ఆలోచిస్తుంటారు.

స్టీలు ప్లాంటు నుంచి రిటైరై ఏళ్లు గడిచినా కాలనీ అంతా ఆయన్ని ఏజీఎం గారనే అంటుంది. ఇంట్లో ఆవిడ మాత్రం ‘ఏవండీ’ అంటుంది. కోపం వస్తే ఆవిడా ‘ఏజీఎం గారూ’ అనే పిలుస్తుంది. ఈమధ్య ఎక్కువగా అలాగే పిలుస్తోంది.

ఆయన గోల్ఫు ఆడతారంటే పూర్తిగా నిజం చెప్పినట్టు కాదు. ఆడేది ఆదివారం పొద్దున్న ఓ నాలుగు గంటలు, వైజాగ్ సముద్రపు గాలి తగిలే ఈస్ట్ పాయింట్ కోర్సులో. మిగతా వారమంతా ఆ నాలుగు గంటల్లో జరిగినదాని మీద శాఖాపరమైన విచారణ నడుస్తుంది. ముద్దాయి ఎప్పుడూ ఏదో ఒక కర్రే. ఆయన విచారణలో ఇంతవరకు మనిషికి శిక్ష పడలేదు.

ఆ వల కూడా ఊరికే రాలేదు. షాపులో ప్రాక్టీసు నెట్టు ఖరీదు విని, ఆయన తిన్నగా ఫిషింగ్ హార్బరుకి వెళ్లారు. గోల్ఫు బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదని రూలు. కాబట్టి వల కన్ను నలభై దాటకూడదని ఈయన లెక్క. టేపు పట్టుకుని కన్నుకన్నూ కొలుస్తుంటే వలలు బాగుచేసే ముసలాయన కాసేపు ఓపిక పట్టి, “ఏ చేపకి బావూ?” అని అడిగాడట. “నలభై ఆరు గ్రాములుంటుంది” అన్నారు ఈయన. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదన్నది ఇంకో రూలు మరి. “దానికింత వలేటి బావూ, ఒగ్గీండి” అన్నాడు ముసలాయన. పాపం, ఏం కష్టంలో ఉన్నాడో అని ధర మాత్రం తగ్గించాడు.

వల వచ్చాక పచ్చిక కావాలి. గుమ్మం ముందు కొబ్బరి పీచు పట్టా మేడ ఎక్కింది. కాళ్లు తుడుచుకోడానికి మాకు ఇప్పుడు ఆ ఇంట్లో పాత తువ్వాలు వేస్తారు. తర్వాత కెమెరా. ట్యాంకు దగ్గర ఇటుక నిలబెట్టి, దానికి ఫోను ఆనించి, ప్రతి దెబ్బనీ వెనకనుంచి తీసుకుంటారు. మనవరాలి అక్షరాభ్యాసం ఫొటోలు చూపిస్తానని ఆయన ఫోను తీస్తే మనం ఓపిగ్గా కూర్చోవాలి. పిల్ల పలక మీద ఓం రాసే ముందొక వీపు, రాశాక ఒక వీపు, రెండూ ఆయనవే. మధ్యలో ఎక్కడైనా ఆగి, “ఇక్కడ చూడండి, మోచెయ్యి” అంటారు. మనకి మోచెయ్యే కనపడుతుంది. ఆయనకి కనపడేది మనకి కనపడదు.

హాల్లో తివాచీ మీద పుటింగు, అంటే బంతిని మెల్లగా గుంటలోకి దొర్లించడం. దానికి గుంట కావాలి. గోల్ఫు గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. ఏజీఎం గారు వెర్నియర్ కాలిపర్సు తీసుకుని వంటింట్లోకి నడిచారు. కాఫీ గ్లాసు చాలలేదు. చెంబు మూతి దగ్గరకొచ్చి ఆగింది. పప్పు గిన్నె దాటిపోయింది. చివరికి సరిగ్గా 108 తేలింది ఆవిడ పుట్టింటివాళ్లు పెట్టిన వెండి గిన్నె ఒక్కటే. దాన్ని తివాచీ చివర పక్కకి పడుకోబెట్టి ఆయన కొట్టిన మొదటి పుటే గిన్నెలో పడి, వెండి మీద ‘ఖంగు’ మంది. ఆయన పుటింగు చరిత్రలో అంత తిన్నని దెబ్బ లేదు. ఆ గిన్నె ఇప్పుడు బ్యాంకు లాకర్లో ఉంది.

ఇదంతా సాధన. అసలు ఆయన ప్రతిభ బాల్కనీలో ఉంటుంది. అక్కడికి వెళ్లే ముందు ఆయన సిద్ధాంతం కొంచెం తెలియాలి.

ఆయన కొట్టిన బంతి కుడికి వంపు తిరిగి పోతుంది. దీన్ని స్లైసు అంటారు. గోల్ఫు నేర్చుకున్నవాళ్లలో ఈ జబ్బు చూడనివాళ్లు తక్కువ. కర్ర ఎటు ఊగితే బంతి అటు బయల్దేరుతుందని పాత పుస్తకాలు చాలాకాలం చెప్పాయి. రాడార్ యంత్రాలు వచ్చాక అది తప్పని తేలింది. తగిలే క్షణంలో కర్ర ముఖం ఎటు చూస్తోందో, బంతి దాదాపు అటే బయల్దేరుతుంది. ముఖానికీ కర్ర ఊగిన దారికీ ఉన్న తేడాని బట్టి తర్వాత వంపు తిరుగుతుంది. ఇక బంతీ కర్రా అంటుకుని ఉండే సమయం సెకనులో సుమారు రెండువేలవ వంతు. రెప్పపాటులో వందో వంతు కూడా కాదు.

ఇది చదివిన మామూలు మనిషి నిరాశపడి క్యారమ్స్ ఆడుకుంటాడు. ఏజీఎం గారు మాత్రం కుర్చీలోంచి లేచారు. “అంత తక్కువ టైములో మనిషి ఏం చెయ్యగలడండీ? ఏదైనా చెయ్యాలంటే కర్రే చెయ్యాలి. మా మిల్లులో రాడ్డు వంకరొస్తే ఆపరేటర్ని ఎప్పుడైనా తిట్టానా? రోలు సర్దేవాణ్ణి.” నిజమే, ఆయన కింద పనిచేసినవాళ్లు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. అంత మంచి ఆఫీసరు దొరకడం కష్టం. ఆ మంచితనం ఇప్పుడు తన చేతుల మీదా, నడుం మీదా, మోకాళ్ల మీదా చూపిస్తున్నారు. వాటి తప్పేమీ లేదని ఆయన అభిప్రాయం.

బాల్కనీలో బెంచి వైసు, బ్లో లాంపు, హాక్సా, రెండు ట్యూబుల ఎపాక్సీ జిగురు, పాత పెట్రోలు సీసా, తులసి కోట ఉంటాయి. తులసి కోట ఆవిడది. కర్రలో తల, షాఫ్టు, గ్రిప్పు అని మూడు భాగాలు. బ్లో లాంపుతో తల మెడని వేడిచేస్తే లోపలి జిగురు మెత్తబడి షాఫ్టు ఊడొస్తుంది. అప్పుడు దీని తల దానికి, దాని షాఫ్టు దీనికి తగిలించవచ్చు. సంబంధాలు కలపడంలో ఆయన కులం, గోత్రం, కంపెనీ ఏదీ చూడరు.

తల బరువు పెంచాలంటే సీసం అంటించాలి. కర్ర ఊపినప్పుడు తలవైపు ఎంత బరువనిపిస్తుందో చెప్పే లెక్క ఒకటుంది, స్వింగ్ వెయిట్ అంటారు. తల దగ్గర రెండు గ్రాములు కలిస్తే సుమారు ఒక పాయింటు పెరుగుతుంది. అల్లుడు అమెరికా నుంచి సీసపు టేపు తెస్తానన్నాడు. అంతవరకు ఆగుతారా? వల కింద అంచున కట్టే సీసం గుండ్లు నాలుగు విప్పి, ఆవిడ పొత్రంతో రేకులుగా సాగగొట్టారు. రెండు గ్రాములు కచ్చితంగా తూయడానికి ఇంట్లో త్రాసు లేదు. పొట్లం కట్టుకుని బంగారం కొట్టుకి వెళ్లారు. కొట్టతను మర్యాదస్తుడు. తూచి ఇచ్చి, “మేకింగ్ చార్జీలు వెయ్యమంటారా సార్?” అన్నాడు.

ఆయనకి ఇద్దరు దేవుళ్లు. ఒకాయన కార్‌స్టెన్ సోల్‌హైమ్. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరు, పుటింగు సరిగ్గా రాక, 1959లో కాలిఫోర్నియాలో తన ఇంటి గ్యారేజీలో సొంతంగా పుటర్ చేసుకున్నాడు. తగలగానే ‘పింగ్’ మని మోగేది. ఆ మోతే కంపెనీ పేరయింది. రెండో ఆయన జీన్ సారజెన్. ఇసుక గుంటల్లో పడ్డ బంతి పైకి రావడం లేదని, పాత కర్ర అడుగున లోహం కరిగించి అంటించి మందంగా చేశాడు. 1932లో ఆ కర్రతోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఏజీఎం గారు ఈ రెండు కథలూ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ కాఫీతో పాటు ఇస్తారు. “ఇద్దరూ గ్యారేజీలో కూర్చుని చేసినవాళ్లేనండీ!”

“మనకి గ్యారేజీ లేదుగా” అంటుంది ఆవిడ లోపల్నుంచి.

“అదొక్కటే నాకు లోటు.”

అయితే సారజెన్ 1922లోనే, అంటే ఆ అతుకు వెయ్యడానికి పదేళ్ల ముందే, యూఎస్ ఓపెన్ ఒకటి, పీజీఏ చాంపియన్‌షిప్ ఒకటి గెలిచి ఉన్నాడు. ఆ సంగతి కాఫీతో పాటు రాదు.

కొత్త తరంలో ఆయనకి నచ్చినవాడు బ్రైసన్ డీషాంబో. ఫిజిక్స్ చదివిన ఆటగాడు, ఐరన్లనే ఉక్కు తల కర్రలన్నీ ఒకే పొడుగు ఉంచుకుని పేరు తెచ్చుకున్నాడు. వినగానే ఏజీఎం గారికి ఒళ్లు పులకరించింది. స్టాండర్డైజేషన్! ఆ రాత్రే హాక్సాతో పొడుగువాటిని కోసేశారు. పొట్టివాటిని పొడిగించడానికి షాఫ్టు పైచివర స్టీలు ముక్కలు దిగ్గొట్టి ఎపాక్సీ పోశారు. పొడుగులు సమానమైతే చాలదు, తలల బరువులు కూడా సమానం చెయ్యాలి. ఆ సంగతి కోత అయ్యాక చదివారు. ఆదివారం కోర్సులో ఫలితం తేలింది. కర్రలన్నీ బంతిని ఒకే దూరం కొట్టాయి, అదీ కుడివైపుకే. “కన్సిస్టెన్సీ వచ్చింది” అన్నారాయన.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది తునికి ప్రయోగం. డ్రైవర్ అంటే అన్నిటికంటే దూరం కొట్టే కర్ర. లోహపువి రాకముందు దాని తలలు పెర్సిమన్ అనే చెక్కతో చేసేవాళ్లు. ఆ చెట్టు మన బీడీ ఆకు చెట్టు తునికికి దగ్గర చుట్టమని, ఇద్దరిదీ ఒకే ప్రజాతి అని, ఆయన వృక్షశాస్త్రం పుస్తకంలో కనుక్కున్నారు. ఇది నిజమే, నేనూ చూశాను. “ఏజెన్సీ అంతా డ్రైవర్లే మొలుస్తున్నాయండీ, మనవాళ్లు ఆకులు కోసి పొగ పీలుస్తున్నారు!” అని ఆవేశపడ్డారు. ఓ కలప అడితీలో నల్లటి దుంగ ముక్క సంపాదించి, నెలంతా చెక్కి, నూనె పట్టించి, అడుగున ఇత్తడి రేకు బిగించారు. అబద్ధమెందుకు, చాలా అందంగా వచ్చింది. తల పరిమాణం 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదని రూలు కదా అని బిందె నిండా నీళ్లు పోసి ముంచి, ఒలికిన నీళ్లు కొలిచారు. దాంట్లో మూడో వంతు కూడా లేదు. అయినా కొలత కాగితం సంచీలో పెట్టుకున్నారు, ఎవరైనా అడిగితే చూపించడానికి. ఎవరూ అడగలేదు. మొదటి దెబ్బకే తల రెండు చెక్కలై, బంతి కంటే ఓ చెక్కే దూరం పోయింది. సంచీ మోసే కేడీ కుర్రాడు పరిగెత్తి దాన్ని ఏరుకొచ్చి చేతిలో పెట్టాడు. “బీడీ ఆరిపోనాది సార్.”

ఐరన్ల ముఖం వంపు మార్చాల్సి వస్తే ఇంట్లో వైసు చాలదు, ఆటోనగర్‌లో లేతు కుర్రాడి దగ్గరకి వెళ్లాలి. సాగగొట్టి చేసిన మెత్తటి ఉక్కు తల ఒకటి రెండు డిగ్రీలు వంగుతుంది, పోత పోసిన స్టెయిన్‌లెస్ తల విరగొచ్చు. లోహాలతోనే జీవితం గడిపినాయనకి ఇది తెలియదా? తెలుసు. తెలిసే వంచమన్నారు. విరిగింది. విరిగిన చోట గరుకు చూసి ఆయన మొహం విప్పారింది. “గ్రెయిన్ చూశావా! గ్రెయిన్!” అని లేతు కుర్రాడికి, టీ కొట్టతనికి, ఇంటికొచ్చాక లిఫ్టులో నాకు చూపించారు. ఆ కర్ర బాగున్నప్పుడు ఎవరికీ చూపించలేదు.

శనివారం రాత్రి ఎంపిక. సంచీలో పధ్నాలుగు కర్రలకి మించి ఉండకూడదు. ఆయన దగ్గర సజీవంగా ఉన్నవే ముప్పై చిల్లర. మంచం మీద పరిచి, ఒక్కొక్కదాన్నీ ఎత్తి, గత సేవలూ ఆరోపణలూ తలుచుకుని పక్కన పెడతారు. ఈ ప్రమోషన్ల కమిటీ ముగిసేదాకా ఆవిడ పడుకోడానికి లేదు.

ఇలా హాయిగా సాగిపోతుండగా ఒక ఆదివారం ఆయన బాగా ఆడారు.

మొదటి డ్రైవు తిన్నగా పోయింది. రెండోదీ పోయింది. తోటివాళ్లు చప్పట్లు కొట్టారు, కేడీ కుర్రాడు సంచీని రెండు చేతులతో పట్టుకుని నడిచాడు. ఏజీఎం గారు మాత్రం ఇంటికొచ్చి అన్నం సహించక కూర్చున్నారు. ఆ వారం డ్రైవర్‌కి నాలుగు గ్రాముల సీసం పెట్టారు. షాఫ్టు అర అంగుళం కోశారు. గ్రిప్పు మార్చారు. మూడు మార్పుల్లో గుణం ఇచ్చింది ఏది? ఒక్కసారి ఒక్క మార్పే చెయ్యాలని ట్రైనీలకి పాఠం చెప్పిన మనిషి, తనే తప్పాడు. ఇప్పుడు వెనక్కి విప్పుకుంటూ రావడం తప్ప దారి లేదు.

సీసం పీకారు. మేడ మీద బంతి తిన్నగా వలలో పడింది. పాత గ్రిప్పు ఎక్కించారు. తిన్నగానే పడింది. షాఫ్టుకి అర అంగుళం అతుకు వేశారు. అయినా తిన్నగానే. ఆ మూడు రోజులూ నేను ఆయన్ని చూడలేకపోయాను.

నాలుగో రోజు ఆవిడే చెప్పింది. అంతకు ముందు శనివారం ఎపాక్సీ చుక్క పడి ఆయన రోజూ పెట్టుకునే కళ్లజోడు పాడైంది. కింద చదువుకీ పైన దూరానికీ ఒకే అద్దంలో పవరు మారే రకం అది. అది బాగై వచ్చేదాకా బీరువాలోంచి కారు నడిపేనాటి ఒట్టి దూరపు అద్దాలు తీసి పెట్టుకుంటున్నారు. రోజువారీ జోడుతో బంతి మీదకి తల వంచితే ఆయన చూసేది చదువుకునే భాగంలోంచి. బంతి ఉన్నచోట ఉన్నట్టు కనపడదు.

“అదేనండీ నేను మొదట్నుంచీ మొత్తుకుంటోంది!” అన్నారు ఏజీఎం గారు, మేడ మెట్ల మీద నా రెండు భుజాలూ పట్టుకుని. “లోపం నాలో లేదు. ఎక్విప్‌మెంట్‌లో ఉంది!”

అన్నారు కదా, ఇక దూరపు అద్దాలతో హాయిగా ఆడుకుంటారనుకున్నాం. మర్నాడు ఆయన స్కూటరు ఆటోనగర్ వైపు మళ్లింది. కళ్లజోడు ఫ్రేము ముఖం మీద రెండు డిగ్రీలు ముందుకి వాలితే ఇంకో పది గజాలు వస్తాయని లెక్క తేలిందట. లేతు కుర్రాడు జోడుని అటూ ఇటూ తిప్పి చూసి, వైసు దవడలకి గుడ్డ చుట్టుకుంటూ అడిగాడు.

“ఏటి సారూ, ఇదీ పోతదేనా, సాగగొట్టిందా?”