నీలమేఘశ్యాముల కల్యాణం

భద్రాచలం కల్యాణంలో నీలమేఘశ్యాముడు ఒక్కడే. సికింద్రాబాద్ ఫంక్షన్ హాళ్లలో మాత్రం వరుడు, వధువు, కాళ్లు కడిగే తండ్రి, నీళ్లు పోసే తల్లి, గంప మోసుకొచ్చిన మేనమామలు, మంత్రాలు చదివే అయ్యగారు, అందరూ నీలమేఘశ్యాములే. కాసేపటికి అందరూ చిలకపచ్చ. ఆపైన వంకాయ రంగు. బోయిన్‌పల్లి నుంచి తిరుమలగిరి దాకా ఇదే వైభోగం. కొన్ని నెలలకు వీడియో చేతికొస్తుంది. పెళ్లికూతురి తల్లి చూసి అడిగే మొదటి మాట: “మా పిల్ల మొఖం గిట్లుందేంది? మీ కెమెరా మంచిది కాదా?”

కెమెరా మంచిదేనమ్మా. మీరు జనరల్ బజార్‌లో పట్టుచీర ఎలా కొన్నారో ఒక్కసారి గుర్తుచేసుకోండి. దుకాణంలో ట్యూబులైటును నమ్మలేదు. చీర మడత పట్టుకుని గుమ్మం బయటికొచ్చారు. ఎండలో అటూ ఇటూ తిప్పి, మెరూనా ఎరుపా అని తేల్చుకున్నాకే బేరం మొదలుపెట్టారు. అంత జాగ్రత్త మనిషి, అదే చీరను, దానితోపాటు కూతురినీ తీసుకెళ్లి మెజెంటా దీపం కింద కూర్చోబెట్టారు. పైగా అందుకు విడిగా డబ్బు కట్టారు.

పెళ్లికి నల్లచీర కట్టుకొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే ఆపేసే పెద్దలున్నారు మనకు. మంచిదే. కానీ అచ్చమైన నీలి వెలుతురులో ఎర్రటి వస్తువు నల్లగా కనిపిస్తుంది. తిప్పిపంపడానికి దానికి ఎరుపు వెలుతురు అందదు కనుక. అంటే మండపం మీద పెళ్లికూతురి కుంకుమబొట్టు నలుపు, పారాణి నలుపు. తెల్లటి మధుపర్కాలకున్న ఎర్ర అంచు కూడా నలుపే, తెలుపేమో నీలం. ఎర్ర దీపం వేస్తే బట్టంతా ఎరుపెక్కి అంచు మాయం. మంగళసూత్రం బంగారమో ఇనుమో తేలదు. దుర్ముహూర్తం నిమిషాలతో సహా లెక్కగట్టే పెద్దలెవరికీ ఈ నల్లబొట్టు కంటికి ఆనలేదు.

లైటింగ్ కాంట్రాక్టర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: “అన్నా, నీ కెమెరాలో వైట్ బ్యాలెన్స్ కొట్టుకో.” తెలుపును తెల్లగా చూపించేలా కెమెరాను సర్దే ఈ వైట్ బ్యాలెన్స్‌కు కెల్విన్ లెక్క ఉంది. హాలోజన్ దీపం 3200, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర. ఈ రెంటి మధ్య ఎక్కడున్నా కెమెరా సర్దుకుంటుంది. మెజెంటాకు ఏ కెల్విన్ అంకె కొట్టాలో ఆ కాంట్రాక్టరే చెప్పాలి. 1976లో కొడాక్ సంస్థలో పనిచేసే బ్రైస్ బేయర్ పేటెంట్ పొందిన పద్ధతిలోనే నేటికీ మన కెమెరాల్లో చాలావాటి సెన్సర్లు పనిచేస్తున్నాయి: ప్రతి నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి. హాలంతా నీలమైతే పని నాలుగో గడిది. తక్కిన మూడూ రెండో బంతికి ఎదురుచూసే చుట్టాల్లా దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. ఆ ఒక్క గడీ నిండి పొంగిపోయాక ముక్కెక్కడో చెంపెక్కడో తెలియదు. 4కే వీడియోకు డబ్బిచ్చారు. అందులో నాలుగో వంతు పనిచేసింది.

సమర్థంగా వెలిగే నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు 2014లో జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. దాని సాయంతో తక్కువ కరెంటుతో తెల్లని వెలుగు పుట్టించవచ్చన్నది ఆ బహుమతికి కారణం. మన హాళ్లవాళ్లు ఆ వార్త ‘నీలం’ దాకా చదివి పేపరు మడిచేశారు.

అసలు ఘనకార్యం గట్టిమేళం వేళ జరుగుతుంది. మండపం మీద రంగులు కొట్టే ఈ పార్ లైట్లలో చాలావాటికి చప్పుడును బట్టి రంగు మార్చే ఏర్పాటు ఉంటుంది, డీజే పాటల కోసం. ముందురోజు సంగీత్‌లో పెట్టిన ఆ మీట తిప్పడం లైటింగ్ అబ్బాయి మరిచిపోతాడు. అతను అప్పటికి భోజనాల దగ్గరుంటాడు. అయ్యగారు చేయి ఊపుతారు, డోలు దద్దరిల్లుతుంది, దెబ్బకో రంగు. మూడు ముళ్లలో మొదటిది ఎరుపు, రెండోది పచ్చ, మూడోది పొగమిషను మింగేసింది.

ఇంత జరిగాక అందరూ కలిసి ఒక మంత్రం చెబుతారు: “ఎడిటింగ్‌లో చూసుకోండి.” రాని వెలుతురును ఎడిటింగ్ ఎక్కడినుంచి తెస్తుంది? పాపం ఎడిటర్ చివరికి ఆ ముక్కను బ్లాక్ అండ్ వైట్ చేసి, దానికి ‘క్లాసిక్’ అని పేరుపెట్టి, మెల్లగా వాయులీనం కలుపుతాడు. ఇదే సికింద్రాబాద్‌లో 1880లలో లాలా దీన్ దయాళ్ ఫోటో స్టూడియో నడిపాడు. రంగుల ఫిల్ము లేదు, సెన్సర్ లేదు, ఎడిటర్ లేడు. ఆరో నిజాం ఆయన పనికి మెచ్చి ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ఆ ఫోటోల్లో మనుషుల ముఖాలు నేటికీ గుర్తుపట్టవచ్చు. లక్షలు పోసి మనం నిరుటి పెళ్లిలో మన బావమరిదిని గుర్తుపట్టలేకపోతున్నాం.

కెమెరావాళ్లు పత్తిత్తులేమీ కాదు. నలుగురు మండపాన్ని చుట్టుముట్టి చుట్టాలకు తమ వీపులే దర్శనమిప్పిస్తారు. కెమెరా నెత్తిన దీపం పెట్టి అయ్యగారి కళ్లలోకే కొడతారు. హాలు ముందురోజే చూసి, లైటింగ్‌వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుకునే ఓపిక వీళ్లలో ఎంతమందికుంది? రంగు పాడైన చోట ‘సినిమాటిక్’ అని తప్పుకోవడం మాత్రం బాగా వచ్చు. సినిమావాళ్లు కూడా రంగు దీపాలు వాడతారు నాయనా, ముఖానికి కావలసిన వెలుగు ముఖానికి ఇచ్చాక.

అందుకని ఆడపిల్ల తల్లిదండ్రులకు, మగపెళ్లివారికి ఒక మనవి. హాలుకు బయానా ఇచ్చేరోజే కాగితం మీద రాయించుకోండి: జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా మండపం మీద ముందువైపు నుంచి తెల్లదీపాలే, రంగులన్నీ వెనక గోడకూ పైకప్పుకూ, చప్పుడుకు రంగు మారే మీట బంద్, పొగమిషను బయట. సంగీత్ రాత్రి మీ ఇష్టం, ఇంద్రధనుస్సునే దింపుకోండి. హాలు మేనేజర్ “అట్ల కుదరదు సార్” అంటే, పక్క హాలుకు వెళ్లండి.