నేను చెప్పేది మొన్నటి కబురు

నేను అరచేతిలో ఇమిడే యంత్రాన్ని. ఇంట్లో నన్ను ‘రక్తం మిషను’ అంటారు. పనమ్మాయి చాలాకాలం పాడైపోయిన సెల్‌ఫోన్ అనుకుని నన్ను తుడిచి పక్కన పెట్టేది. అమెరికాలో ఉన్న పెద్దకొడుకు సూట్‌కేసులో, బాదంపప్పుకూ చాక్లెట్లకూ మధ్య పడుకుని నరసరావుపేట వచ్చాను. ఎక్కడ పుట్టానో, ఎవరు బిగించారో చెప్పి మీ పొద్దు పాడుచేయను. వేలి కొసన ఒక్క చుక్క రక్తం ఇస్తే, అది ఎంత ఆలస్యంగా గడ్డ కడుతోందో నిమిషంలో అంకె వేసి చెబుతాను. ఆ అంకె పేరు ఐ.ఎన్.ఆర్.

ఏ మందూ వాడని మనిషికి ఆ అంకె ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. మా టీచరమ్మకు మాత్రం రెండున్నరకూ మూడున్నరకూ మధ్య ఉండాలని డాక్టరుగారి ఆజ్ఞ. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళవాతపు జ్వరం ఆవిడ కీళ్ళను వదిలేసింది గానీ గుండెను వదల్లేదు. యాభై దాటాక పాడైన మైట్రల్ కవాటం తీసి లోహపుది పెట్టారు. రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాను ఆగితే, మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు అది టిక్కుటిక్కుమనడం వినిపిస్తుంది. దాని మీద రక్తం పేరుకుంటే కవాటం బిగుసుకుపోవచ్చు. పేరుకున్న గడ్డ ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. అందుకని రోజూ రాత్రి ఒక వార్ఫరిన్ బిళ్ళ. అది చాలకపోతే గడ్డ, మించిపోతే రక్తస్రావం.

బిస్కెట్ల రేకుడబ్బాలో నా పొరుగు ఆ బిళ్ళే. దానికి వంశగర్వం జాస్తి. నూరేళ్ళ కిందట కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు రక్తం ఆగక చచ్చిపోయేవట. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకాయన చచ్చిన పెయ్యనూ, గడ్డ కట్టని రక్తంతో నిండిన పాలక్యానునూ మంచుతుఫానులో జీవరసాయన శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాలకు మోసుకెళ్ళాడట. అక్కడ బయటపడిన గడ్డిలోని విషానికి చుట్టమైన వార్ఫరిన్ 1948లో ఎలకల మందుగా బజారుకెక్కింది. 1954లో మనుషుల మందైంది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ ఇచ్చారు. “ఎలకల కలుగు నుంచి అధ్యక్షుడి ఒంట్లోకి వెళ్ళినదాన్ని” అని బిళ్ళ ఎప్పుడూ ఎచ్చులు పోతుంది. పోనీలెండి. అది మించిందో తగ్గిందో చెప్పాల్సింది మాత్రం నేనే. అదివరకు ఒక ల్యాబ్ లెక్క ఇంకో ల్యాబ్ లెక్కతో కలిసేది కాదు. 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ ఒకే కొలత పెట్టింది. ఆ కొలతలోనే నేను మాట్లాడతాను.

మాట్లాడనిస్తే కదా! వచ్చిన కొత్తలో నన్ను పట్టుగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు. మూడు నెలలు తిరిగేసరికి సూదులూ దారపుండలూ ఉండే రేకుడబ్బాలోకి దించారు. నా నాలుగు సన్న బ్యాటరీల్లో రెండు సాయంత్రం సీరియల్ వేళకు టీవీ రిమోట్‌లోకి వెళ్ళిపోయాయి. రక్తపు చుక్క పెట్టే నా స్ట్రిప్పులు ముప్పై డిగ్రీలు దాటిన చోట ఉండకూడదు. పల్నాడు ఎండల సంగతి మీకు చెప్పాలా? వాటిని తీసుకెళ్ళి ఫ్రిజ్ స్టెబిలైజర్ మీద పెట్టారు. ఫ్రిజ్‌లో కాదు, దాని స్టెబిలైజర్ మీద! పరీక్ష చేసేటప్పుడు చల్లటి వేలిని పొడిచి, నిమ్మచెక్క పిండినట్టు పిండి, చుక్క చాలక ఇంకో చుక్క కలుపుతారు. నేను తప్పని చూపిస్తే “ఈ మిషనింతే” అంటారు. వేడినీళ్ళతో చేతులు కడుక్కుని తడి తుడుచుకుంటే మొదటి చుక్కే సరిపోతుందని నా వెంట వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం బియ్యం డబ్బా కింద ఎత్తుగా వేశారు.

కిందటి శ్రావణంలో టీచరమ్మకు జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. చిన్న జబ్బే. వీధి చివరి ఆర్.ఎం.పి. గారు వచ్చి తుంటికి ఒక సూది వేసి, విరేచనాలకు మెట్రోనిడజోల్ బిళ్ళలిచ్చి వెళ్ళారు. రక్తం పలచబడే మందు వేసుకుంటున్నానని ఆవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. జ్వరం మందు జ్వరానికీ, గుండె మందు గుండెకూ అనుకున్నారు. అయిదు రోజులు జావ, మజ్జిగ తప్ప ఏమీ ముట్టని మనిషి, బడికి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళని అలవాటు కొద్దీ వార్ఫరిన్ మాత్రం ఒక్క రాత్రీ మానలేదు.

డబ్బాలోంచి నేను అరవలేను కదా. వార్ఫరిన్ పని విటమిన్ కె కు అడ్డుపడటం. తిండి లేనప్పుడు ఆ విటమినూ రాదు, మందుకు ఎదురే ఉండదు. దానికి తోడు మెట్రోనిడజోల్ కాలేయంలో వార్ఫరిన్ అరిగిపోయే దారిని మూసేస్తుంది. ఒక్క బిళ్ళే రెండు బిళ్ళల పని మొదలుపెడుతుంది.

ఆరో రోజు పొద్దున పళ్ళు తోముకుంటే నురగ ఎర్రగా వచ్చింది. సూది వేసినచోట అరచేయంత మేర నల్లగా కమిలింది. కోడలు చూసి, “అత్తయ్యా, ఇదేంటి ఇలా అయింది? మిషనేదీ?” అంటూ ఇల్లంతా వెతికింది. రిమోట్ కడుపు విప్పి నా బ్యాటరీలు నాకిచ్చారు. 6.4 అని చూపించాను. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

గుంటూరు డాక్టరుగారు ఫోన్‌లో, “ఇవాళ్టికి బిళ్ళ ఆపండి. ఇంత పైకి పోయినప్పుడు మిషను మాటొక్కటే నమ్మొద్దు, నరంలోంచి రక్తం తీయించి ల్యాబ్‌లో చూపించండి. విపరీతమైన తలనొప్పి గానీ, తారులాంటి నల్లటి విరేచనం గానీ అయితే నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి తీసుకురండి” అన్నారు. నన్ను నమ్మొద్దన్నందుకు నేనేం నొచ్చుకోలేదు. పై అంకెల దగ్గర నా చూపు కొంచెం మసక, ఉన్నమాటే. ల్యాబ్‌లో 5.9 వచ్చింది. రెండు రాత్రులు బిళ్ళ ఆపారు. మూడో రోజుకు 3.4కు దిగింది. డాక్టరుగారు మోతాదు తగ్గించి, “నాలుగు రోజులకు మళ్ళీ చూసి చెప్పండి” అన్నారు.

ఆ నాలుగో రోజు రాలేదు. జ్వరం పోయింది, విరేచనాలు కట్టాయి. బ్యాటరీలు మళ్ళీ రిమోట్‌లోకి, నేను మళ్ళీ దారపుండల మధ్యకు. మెట్రోనిడజోల్ అయిపోయింది. వార్ఫరిన్ అరిగే దారి తెరుచుకుంది. పరామర్శకు వచ్చిన ప్రతివారూ “నీరసం పోవాలంటే ఆకుకూరలు తినాలి టీచరుగారూ” అన్నవాళ్ళే. తోటకూర పప్పు, మునగాకు వేపుడు, మధ్యాహ్నం పాలకూర. విటమిన్ కె విందు. మోతాదేమో జబ్బునాటి తగ్గించిన మోతాదే. ఆవిడ మొహం తేటపడుతోందని ఇంటిల్లిపాదీ సంబరపడుతుంటే, డబ్బాలో నేనూ బిళ్ళా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎచ్చులు పోయే బిళ్ళ కూడా ఆ రోజుల్లో నోరెత్తలేదు.

పదహారో రోజు జాకెట్టు హుక్కు కుట్టడానికి సూదీ దారం కోసం కోడలు డబ్బా తీసింది. నేను కనబడ్డాను.

“అత్తయ్యా, ఒకసారి చూద్దామా?”

“ఎందుకే, నిక్షేపంలా ఉన్నాను కదా!”

1.6 అని చూపించాను. ఈసారి డాక్టరుగారి గొంతులో మొన్నటికన్నా కంగారు. మోతాదు పెంచారు. అంకె పైకొచ్చేదాకా పొట్ట చర్మం కింద హెపారిన్ సూదులు వేయించారు. 6.4 అప్పుడు చిగుళ్ళు చెప్పాయి, తుంటి చెప్పింది. 1.6 గురించి ఒంట్లో ఏదీ చెప్పలేదు. ఆకలి వేసింది, నిద్ర పట్టింది, కవాటం టిక్కుటిక్కుమంటూనే ఉంది.

ఇంకో సంగతీ ఉంది. ఇవాళ వేసిన బిళ్ళ ప్రభావం పూర్తిగా నా దాకా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందుకే నేను చూపేది ఇవాళ్టి అంకే అయినా, చెప్పేది మొన్నటి కబురు. ఒక్క కబురు విని జబ్బు తేలిపోయిందనుకోవడం, ఒక్క పరీక్ష పేపరు దిద్ది పిల్లవాడి చదువు తేల్చేయడం లాంటిది.

ఆ పోలిక నాది కాదు, టీచరమ్మది. ఆ మర్నాడే ఆవిడ పాత హాజరు పట్టీ ఒకటి తీసి గళ్ళు గీశారు. తేదీ, అంకె, ఎంత బిళ్ళ, కొత్త మందేమైనా వేశారా, ఏ ఆకుకూర తిన్నారు. ఆకుకూరలు మానలేదు. వారానికి రెండుసార్లంటే రెండుసార్లే. జబ్బు చేసినా, కొత్త మందు మొదలైనా, ఆ మందు ఆగినా డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పిన రోజున నన్ను తీయడం. మొదటి గడిలో నా హాజరు తానే వేశారు. నా వెనక మూతకు తెల్లటి ప్లాస్టరు అతికించి, దాని మీద నల్లబల్ల అక్షరాల్లాంటి గుండ్రటి రాతతో ‘రిమోట్‌కు కాదు’ అని రాశారు.

ఇప్పుడు సీరియల్ మధ్యలో రిమోట్ మొరాయిస్తే దాని వీపు మీదే రెండు దెబ్బలు వేస్తున్నారు. నా జోలికి ఎవరూ రావడం లేదు.