గుర్రాలు చాల్లేదంట!

ఏమప్పా రాయల్పాడు ఇంజనీరూ, పాత డీజిల్ స్విఫ్ట్ కొంటివంట! కంపెనీవాడు దానికి కట్టిన 74 గుర్రాలు నీకు చాల్లేదంట. వాకిట్లో పట్ట పరిచి, ఇంజను విప్పి, పెద్ద టర్బో తగిలించి 120 చేస్తావంట.

చెయ్యి, ఎవురొద్దన్నారు? టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైనే తిరుగుతుంది. దాని బేరింగును కాపాడేది పలచటి ఆయిలు పొర ఒక్కటే. నీ వాకిటి దుమ్ము చిటికెడు అందులో పడిందా, ఊళ మొదలు! గాలి ఎక్కువ తోస్తే డీజిలూ ఎక్కువ పొయ్యాల. వేడి పెరిగితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఇంకా మొండికేస్తే పిస్టనే కరుగుతుంది. బోల్టులకు టార్క్ రెంచి ఏదిరా అంటే ‘నా చెయ్యికి తెల్దా అన్నా’ అంటివంట. 1902లో శివనసముద్రం నుంచి కేజీఎఫ్ గనులకు కరెంటు లాగిన దొరలకు ఈ చెయ్యి దొరక్కపాయ, పాపం లెక్కలేసుకుని చచ్చినారు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇట్లా మార్చకూడదంటుంది. 2019 సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. నీ మార్పులు నువ్వే ఎంచుకో.

సరే, బండి తయారాయ. జూన్‌లో శ్రీనివాసపురం రోడ్డెక్కు. ముందర మామిడికాయల ట్రాక్టరు, దాని ముందర ఇంకోటి. నూటిరవై గుర్రాలనూ రెండో గేర్లో మేపుకుంటా పో!