పన్నే గెలుపు గుఱ్ఱము!

గుఱ్ఱపుపందెము జూదము గాదు, నైపుణ్యక్రీడయే యని సర్వోన్నత న్యాయస్థానము 1996లో సెలవిచ్చినది. ఆ నైపుణ్యము గుఱ్ఱముదో, తెల్లవాఱకమునుపే లేచి దానిని తీర్చిదిద్దు శిక్షకునిదో, చీటి చేతబట్టి నోరు తెఱచికొన్న పందెగానిదో యని మాకు నేటికిని సందేహమే. ఏది యెట్లున్నను, 1886 మొదలు మలక్‌పేట బాటపై పరుగిడిన తురగములలో నేదియు, 2025 సెప్టెంబరు 22న 28 శాతమునుండి 40 శాతమునకు ఒక్క దుముకున లంఘించిన పందెపు జీఎస్టీకి సాటి రాజాలదు. పన్నునకు వెఱచి పందెగాడు దొంగచాటు బుకీని చేరును. క్లబ్బు రాబడియు, దానివెంట బహుమానపు సొమ్మును సన్నగిల్లును. యజమాని శిక్షకునితో బేరమాడును, శిక్షకుడు గుఱ్ఱమును కాచు సాయీసుతో. సాయీసు, పాపము, ఎవరితో నాడవలెను? దాణాతోనే!

పరుగుడిగిన గుఱ్ఱమునకు పింఛను లేదు. 2025లో హైదరాబాదునుండి జబల్పూరునకు తరలిన 57 గుఱ్ఱములలో కొన్ని యచ్చటనే కన్నుమూయగా, వ్యవహారము హైకోర్టు మెట్లెక్కినది. మా సిద్దిపేటలో పందెపుబాట లేదుగదా యని మురియనేల? బరాతు గుఱ్ఱమున్నది. పెండ్లిపెద్దలారా, ఆ డీజే పెట్టెను దాని చెవికి నాలుగు బారలు ఎడముగా నుంచుడు.