పెట్టెలో పెట్టిన ఆరోగ్యం

దీపావళి దగ్గరపడగానే ప్రతి ఇంట్లోనూ ఒక డాక్టరు పుట్టుకొస్తాడు. "స్వీట్లు ఎవరు తింటున్నారండీ ఈ రోజుల్లో! అందరికీ షుగరే. డ్రై ఫ్రూట్స్ ఇచ్చేద్దాం, హెల్దీ" అని చీటీ రాసేస్తాడు. ఇక హైదరాబాద్ బేగంబజార్‌లో కాలు పెట్టడానికి చోటుండదు.

ఆ పెట్టెను ఒకసారి విప్పి చూద్దాం. విప్పే అలవాటు లోకంలో లేదు, వచ్చినదాన్ని వచ్చినట్టే వియ్యాలవారింటికి పంపించేస్తాం గనక, మనమైనా ఆ పని చేద్దాం. పైన బంగారు రంగు అట్ట, దాని మీద వినాయకుడు. లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డ, గుడ్డలో నాలుగు గుంటలు, గుంటకో ప్లాస్టిక్ గిన్నె. గిన్నె ఎత్తితే అడుగున మడత పెట్టిన అట్టముక్క. పప్పు నిండుగా కనిపించాలంటే నేల కాస్త పైకి లేవాలి కదా! బాదం, పిస్తా, కిస్‌మిస్ మూడు మూలల్లో ఉంటాయి. నాలుగో మూలలో రాజుగారు: డబ్ల్యూ-180 జీడిపప్పు, 180 గుండ్లకే పౌను తూగే రకం. పప్పు కంటే పెట్టె బరువు.

"నట్స్ గుండెకు మంచివని సైన్సే చెప్పింది" అంటారు. చెప్పింది. ఏం చెప్పిందో కూడా వినాలి. 2003లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నట్స్ ప్యాకెట్ల మీద ఒక వాక్యం వేసుకోనిచ్చింది. సంతృప్త కొవ్వూ కొలెస్ట్రాలూ తక్కువున్న భోజనంలో భాగంగా రోజుకు ఔన్సున్నర, అంటే 42 గ్రాములు తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చునట. అదీ రుజువైన సంగతి కాదు, సూచన మాత్రమేనట. ఇన్ని షరతులు మఖ్మల్ మీద అచ్చు వెయ్యలేరు కాబట్టి "హెల్దీ" ఒక్కటే మిగిల్చారు. స్పెయిన్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో ఒక బృందం రోజుకు 30 గ్రాముల చొప్పున ఏళ్ల తరబడి తిన్నది. మనవాళ్లు ఏడాదికోసారి తింటారు, కాకపోతే ఏడాదికి సరిపడా తింటారు. బిర్యానీ, బొబ్బట్లు, గులాబ్‌జామూన్ కానిచ్చి, పేకాట దగ్గర కూర్చుని, నేతిలో వేయించి ఉప్పూకారం చల్లిన జీడిపప్పు గుప్పిళ్లతో అందుకుంటారు. వంద గ్రాములకు 550 కేలరీల పైమాటే. "ఫర్వాలేదు, నట్సేగా!"

అసలు తమాషా వేరే ఉంది. ఆ వాక్యం ఏయే గింజల మీద వేసుకోవచ్చో ఎఫ్‌డీఏ జాబితా ఇచ్చింది. బాదం ఉంది, పిస్తా ఉంది, అక్రోటు ఉంది. మన వేరుశనగ కూడా ఉంది. జీడిపప్పు లేదు! సంతృప్త కొవ్వు గీత దాటిందని రాజుగారిని గుమ్మంలోనే ఆపేశారు. అనంతపురం చేలల్లోంచి వచ్చిన పల్లీ మాత్రం దర్జాగా లోపలికి నడిచింది. మాంసకృత్తులు చూసినా వంద గ్రాములకు పల్లీలో 25 గ్రాములు, జీడిపప్పులో 18.

అయినా పల్లీకి మఖ్మల్ గుంట దొరకదు. సద్దుల బతుకమ్మనాడు చెరువుగట్టు మీద ఆడవాళ్లు స్టీలు గిన్నెలు విప్పి, పల్లీల పొడి, నువ్వుల పొడి చేతుల్లో పెట్టుకుని "నాది తిను, నీది పెట్టు" అని అక్కడికక్కడే పంచుకు తింటారు. పండగా ఉంది, పదిమందీ ఉన్నారు, గింజలూ ఉన్నాయి. దాన్ని ఎవరూ హెల్దీ అనరు, ధర చీటీ లేదు కదా మరి. ఇక ధర చీటీ ఉన్న రాజుగారి వెనక చూస్తే, పలాసలో జీడిగింజలు పగలగొట్టే ఆడవాళ్ల వేళ్లను పెంకులోని జీడి రసం కాల్చేస్తుంది. మన ఆరోగ్య చర్చ ఆ వేళ్ల దాకా ఎప్పుడూ వెళ్లదు.

గింజలు తినవద్దని నేననడం లేదు. ఉప్పూ చక్కెరా లేకుండా, స్వీటు బదులుగా, గుప్పెడు తింటే మంచిదే. మీకంత ఆరోగ్య చింతే ఉంటే ఈ పండక్కి ఒక పని చెయ్యండి. అరకిలో పల్లీలు దోరగా వేయించి, కాగితంలో పొట్లం కట్టి, మీ ఎండీ గారి హాల్లో నలుగురి ముందూ ఆయన చేతిలో పెట్టండి. పెట్టలేరు. "ఏమనుకుంటారో" అని చెయ్యి వెనక్కి లాగుతుంది. అలా వెనక్కి లాగేది గుండెజబ్బు భయం కాదని మీకూ తెలుసు. హోదా పంచుకుంటున్నామని చెప్పి పంచుకోండి, ఎవరూ కాదనరు. పాపం, గుండెనెందుకు దొంగసాక్ష్యానికి పిలవడం?