ఓ విద్యార్థీ, రేపు రా

వెనకట ఊళ్లలో తలుపుల మీద సుద్దముక్కతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకునేవాళ్లు. రాత్రి దయ్యం వచ్చేది, ఆ రాత చదివేది, సరేలెమ్మని వెళ్లిపోయేది. మర్నాడు వచ్చినా అదే రాత. చదువొచ్చిన దయ్యం, పైగా చెప్పిన మాట వినేది. దాని జాడ ఇప్పుడు తెలియదు గానీ, ఆ తలుపు మాత్రం కంప్యూటర్లోకి చేరింది. స్కాలర్‌షిప్‌కు పెట్టుకున్న పిల్లలు పొద్దున లేవగానే వెళ్లి దాన్ని తడుతున్నారు. సుద్దముక్క బదులు ఇంగ్లిష్ అక్షరాలు, 'పెండింగ్'.

బొంతపల్లిలో మా ఎదురింటి అమ్మాయి బీ ఫార్మసీ చేసింది. ఇంగ్లండులో ఒక యూనివర్సిటీ సీటిచ్చి రమ్మంది. వాళ్ల నాయిన ఇక్కడే మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ ఆపరేటర్. విదేశీ చదువుకు సాయం చేసే ఒక పథకానికి దరఖాస్తు పెట్టారు. ఏ పథకమో రాయొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడాయన. "పేరు రాస్తే ఫైలు ఇంకో బల్ల కిందికి పోతది అన్నా."

అప్పట్నుంచి కమాన్ దగ్గర టీ కొట్టుకు కొత్త పలకరింపు వచ్చింది. నైట్ షిఫ్ట్ దిగేవాళ్లు, పొద్దుటి షిఫ్ట్ ఎక్కేవాళ్లు, ఆ పిల్ల పాల ప్యాకెట్ కోసం వస్తే చాలు, "అచ్చిందా బిడ్డా?" అంటారు. "రాలే కాకా." మొదట్లో జాలితో అడిగేవాళ్లు, తర్వాత అలవాటుతో. ఇప్పుడు బాగున్నావా అనడానికి బదులు అదే అంటున్నారు. స్కాలర్‌షిప్ అంటే ఏమిటో తెలియని ముసలాళ్లకు కూడా పెండింగ్ అంటే ఏమిటో తెలిసిపోయింది. పెన్షన్ పుణ్యమా అని కొందరికి ముందే తెలుసు.

అమ్మాయి నాయనమ్మ వీరభద్రస్వామికి మొక్కుకుంది. మా ఊరి దేవుడు ఇలాంటి కేసుల్లో నిపుణుడే. దక్షుడు యజ్ఞం చేస్తూ ఆహ్వానితుల జాబితాలో అల్లుడి పేరు రాయలేదు. ఆ తర్వాత వీరభద్రుడు వచ్చి యజ్ఞశాలను ఏం చేశాడో అందరికీ తెలిసిందే. జాబితాలో పేరు లేనివాళ్ల తరఫున అంత గట్టిగా మాట్లాడిన దేవుడు మరొకడు లేడు. కాకపోతే దక్షుడు జాబితా బయటపెట్టాడు. మన పిల్ల విషయంలో జాబితాయే రాలేదు. ఎవరి మీదికి వెళ్లాలో తెలియక స్వామి కూడా ఊరికే ఉన్నట్టున్నాడు.

అమ్మాయి నాయిన బాధ వేరు. ఆయనకు లేబుళ్ల భాష తెలుసు. ఫ్యాక్టరీలో సరుకు దిగితే డ్రమ్ముకు పసుపుపచ్చ లేబుల్ పడుతుంది, పరీక్షలో ఉందని అర్థం. ల్యాబ్ వాళ్లు చూసి బాగుంటే ఆకుపచ్చ, లేకుంటే ఎరుపు. "ఎర్రదేసినా మంచిదే అన్నా, సరుకు వాపస్ పంపి వేరేది తెచ్చుకుంటం. ఇన్ని నెలలు పసుపుపచ్చ లేబుల్ తోటి ఉంచితే ఆడిట్ల మా నౌకరి పోతది" అన్నాడు. ప్రభుత్వ పరిపాలన మీద పెద్ద పెద్ద పుస్తకాలు చదివాను గానీ, ఇంత శుభ్రంగా ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి కాగితాల్లో ఉంది. మన తెలంగాణలో విదేశీ విద్యానిధి పథకాలు పేరుకు బంగారం లాంటివి. ఇంటి ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు, పిల్లలకు 20 లక్షల దాకా ఇస్తారు. ఎప్పుడిస్తారు? మొదటి 10 లక్షలు ఆ దేశంలో దిగి, దిగినట్టు ఇమిగ్రేషన్ కాగితం పంపాక. మిగతా 10 లక్షలు మొదటి సెమిస్టర్ మార్కులు చూపించాక. అంటే పేదవాడు ముందు విమానం ఎక్కి, ఫీజు కట్టి, అక్కడ అద్దెకు దిగి, తాను పేదవాణ్ణేనని అక్కడ్నుంచి నిరూపించుకోవాలి. ఇక ఇంగ్లండు వీసా వాళ్లు ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో వరుసగా 28 రోజులు కదలకుండా ఉండాలంటారు. రియాక్టర్ ఆపరేటర్ ఖాతాలో డబ్బు 28 గంటలు కూర్చుంటే గొప్ప. అందుకని ఒక బీరువాలో రెండు ఫైళ్లు పెట్టుకున్నారు. ఒక ఫైలు ప్రకారం ఈ ఇల్లు పేదది, ఇంకో ఫైలు ప్రకారం కలిగినది. ఏ ఆఫీసుకు ఏది పట్టుకెళ్లాలో మర్చిపోకుండా అమ్మాయి తల్లి వాటికి వేర్వేరు రంగుల తాళ్లు కట్టింది.

పాతకాలంలో ఇంత శాస్త్రం లేదు. 1895లో నిజాం రాజ్యం ఒక పదహారేళ్ల అమ్మాయికి స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండు పంపింది. ఆమే తర్వాత సరోజినీ నాయుడు అయింది. 1913 జూన్‌లో అంబేద్కర్ బరోడా సంస్థానంతో ఒప్పందం మీద సంతకం పెట్టారు, జూలైలో న్యూయార్క్‌లో దిగారు. నెలకు పదకొండున్నర పౌన్లు. మధ్యలో సర్వర్ డౌన్ కాలేదు, ఓటీపీ రాకుండా పోలేదు. ఆయన పేరు పెట్టుకున్న పథకానికి ఇవాళ ఆయనే దరఖాస్తు చేసుకుంటే జూలై నాటికి ఆదాయ సర్టిఫికెట్ కోసం మీసేవ ముందు నిలబడి ఉండేవారు. మందులు కనిపెట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు దారి ఇంకొకటి. మామగారు పోగుచేసిన డబ్బుతో, కాకినాడ ధర్మనిధి మాట సాయంతో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట పని చేసుకుంటూ చదివాడు. స్కాలర్‌షిప్ వచ్చేదాకా ఇక్కడే కూర్చుని ఉంటే మన ఫ్యాక్టరీలు ఇవాళ ఏ మందులు చేసుకునేవో!

ఢిల్లీ సంగతి కూడా చూద్దాం, మనకే అన్యాయం జరుగుతోందని అనుకోకుండా. 2025 జూలైలో ఎస్సీ తదితర విద్యార్థుల జాతీయ విదేశీ స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేశామన్నారు. ఉత్తరాలు ఇచ్చింది 40 మందికి. మిగతా 66 మందికి నిధులుంటే చూద్దామన్నారు. ఎంపికై కూడా ఎదురుచూడటం చదువుల చరిత్రలో కొత్త తరగతి. రైల్వేవాళ్లు దాన్ని ఆర్ఏసీ అంటారు. అక్కడ కనీసం సగం సీటైనా ఇస్తారు.

అమ్మాయిని ఓదారుద్దామని, పోనీ ఇక్కడే ఎం ఫార్మసీ చేయరాదా, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా అన్నాను. నా వైపు అదోలా చూసింది. 2025 నవంబర్ 3న ఆ రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసమే రాష్ట్రంలో ప్రైవేటు వృత్తి విద్యా కాలేజీలు తాళాలేసుకుని బంద్‌కు దిగాయి. ఇక్కడ చదివితే పిల్లతో పాటు ప్రిన్సిపాల్ కూడా స్టేటస్ చూసుకుంటూ కూర్చోవాలి. కాస్త తోడు దొరుకుతుంది, అంతే.

సెప్టెంబర్ క్లాసులు ఆమె లేకుండానే మొదలయ్యాయి. జనవరికి రమ్మని యూనివర్సిటీ పెద్ద మనసు చేసుకుంది. ఎండాకాలంలో కొన్న రెండు సూట్‌కేసులు మంచం కింద ఉన్నాయి, వాటిలో ఇప్పుడు చలికాలం దుప్పట్లు పెట్టారు. ఇంగ్లండుకని మేలో పెట్టిన మామిడికాయ తొక్కు మాత్రం బొంతపల్లిలోనే ఖర్చవుతోంది. జాడీ సగానికి వచ్చింది. మా వైపు వచ్చినవాళ్లు ఎవరైనా ఆ ఇంటికి వెళ్లి ఒక సీసా తెచ్చుకోవచ్చు, సంతోషంగా పెడతారు. స్టేటస్ ఏమైందని మాత్రం అడక్కండి.