పత్రికాపహరణం

ప్రబంధం మొదలుపెట్టే ముందు మొక్కులు చెల్లించాలి. చదువులతల్లికి ఒకటి. ఆ వెంటనే శియాళి రామామృత రంగనాథన్ గారికి ఇంకొకటి. పుస్తకమంటే బీరువాలో పెట్టి తాళం వేసుకునే నగ అనుకునే కాలంలో, పుస్తకాలున్నది వాడుకోవడానికే అని 1931లో మొదటి సూత్రం అచ్చువేసి, దాని వెనక మరో నాలుగు కట్టి లోకానికిచ్చిన మహర్షి ఆయన. పుట్టింది తమిళదేశంలో, చివరి ఏళ్లు గడిపి 1972లో కన్నుమూసింది బెంగళూరులో. కాబట్టి కన్నడ రాజ్యంలో ఏ గ్రంథాలయం మీద కావ్యం చెప్పినా ఆయనే క్షేత్రపాలకుడు. మూడో మొక్కు పావగడలో వెలసిన శనిమహాత్మస్వామికి. తాలూకాలో ఏ పని తలపెట్టినా ఆయన్ని మరవడం క్షేమం కాదు. స్వామీ, శనివారం నీ భక్తులు బస్సులన్నీ నింపేసినా మేమేమీ అనం. పొద్దున్నే మా పేపరు మోసుకొచ్చే బండి మీద మాత్రం నీ చూపు పడనీకు.

ఇక పురవర్ణన. అరసికెరె అనగానే రైలు టైము చూసుకునేవారికి మనవి: ఆ జంక్షను హాసన జిల్లాలోది, ఆ ఊరు వేరు. మన కథానగరమైన అరసికెరె తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో ఉంది. జిల్లాలో మిగతా భాగానికి అంటీ అంటనట్టు, దాదాపు చుట్టూ ఆంధ్ర నేల ఆవరించి ఉన్న తాలూకా ఇది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. శెనక్కాయ పండితే కళ, వాన ఎగ్గొడితే బెంగళూరు బస్సు. ఇంతకంటే నగరవర్ణన చేస్తే మేడలూ గోపురాలూ కల్పించాల్సి వస్తుంది. ఆ పాపం పూర్వకవులకే వదిలేస్తున్నాను.

సూర్యోదయం తప్పదు. పూర్వకవుల సూర్యుడు తామరల్ని విప్పి, చక్రవాకాల జంటను కలిపి, అంతటితో చేతులు దులుపుకునేవాడు. మా తాలూకా సూర్యుడికి అంత తీరిక లేదు. తిరుమణి వైపు 13,000 ఎకరాల్లో పరిచిన సోలార్ పలకల మీద 2050 మెగావాట్ల ఉద్యోగం ఉందాయనకి. ఆ పని మీద పోతూ పోతూ, దారిలో గ్రంథాలయం కిటికీలోంచి ఓ కిరణం లోపలికి విసురుతాడు. అది సరిగ్గా పేపరు బల్ల మీద పడుతుంది.

జలక్రీడ దగ్గర కవికి కష్టమొచ్చింది. కృష్ణా తీరపు కవికి ఈ బాధ లేదు. 1935లో అక్కడ పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవెక్కించి, పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద ఊరేగించారు. పాఠకులు గట్టున నిలబడి పుస్తకాలు అందుకున్నారు. మా సీమలో బోరు వేస్తే ఫ్లోరైడు నీళ్లు. పడవ మాట దేవుడెరుగు, శుద్ధ నీటి ఘటకం దగ్గర క్యాను నింపుకొని, దాన్ని గ్రంథాలయం గడప పక్కన దించి, కాసేపు పేపరు చూసి పోవడమే ఇక్కడి జలక్రీడ.

వివాహం మాత్రం ఘనంగా ఉంది. కర్ణాటకలో పల్లె గ్రంథాలయమనే కన్య 1965 నాటి చట్టం నీడన గ్రంథాలయ శాఖవారి ఇంట పెరిగింది. 2019లో గ్రామీణాభివృద్ధి పంచాయత్ రాజ్ శాఖవారి ఇంట మెట్టింది. అత్తవారింటికి వెళ్లిన పిల్లకి కొత్త పేరు పెట్టడం కొన్ని కులాల్లో ఆచారం కదా, ఈమెకీ పెట్టారు: అరివు కేంద్ర. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ఇప్పటికీ పుట్టింటి పేరుతోనే, అదీ సగం మింగి, 'లైబ్రి' అంటారు.

ఇప్పుడు సభాభవనం. గోడ మీద 'నిశ్శబ్దవాగిరి' అన్న కన్నడ శాసనం. దాని కింద, గ్రంథాలయం చూసుకునే మేల్విచారకులవారి బల్ల. బల్ల మీద సందర్శకుల రిజిస్టరు. రిజిస్టరుకి దారంతో కట్టిన పెన్ను. ఆ పెన్ను సామాన్యమైంది కాదు. దిగ్గజాన్ని కట్టుకంబానికి కట్టినట్టు కట్టారు దాన్ని. అయినా ఎందరి జేబులో దూరబోయి, దారం బిగిసి, సిగ్గుపడి వెనక్కి తిరిగిందో! పైకప్పు నుంచి వాయుదేవుడు మూడు చేతులతో తిరుగుతుంటాడు. సరిగ్గా ఆయన కిందున్న ప్లాస్టిక్ కుర్చీయే సింహాసనం. తక్కిన కుర్చీలు సామంతులు.

సింహాసనం మీద తాత. కళ్లద్దాల ఒక పుల్లకి బదులు దారం. అది చెవికి రెండు చుట్లు తిరిగి ఉంటుంది. తాతకి ఎదురుగా, ఒక సర్కారు పరీక్ష రాసి మరొక దానికి చదువుతున్న యువకుడు. కిటికీ దగ్గర, పావగడ బస్సు తప్పిపోయి వచ్చే బస్సు దాకా విద్యావంతుడైన మామ. వీరి నడుమ ఆనాటి పత్రిక: లోకవార్తాభరధురీణము, సర్వజనహస్తస్పర్శజీర్ణము, మధ్యాహ్నానికే మడతలన్నీ మాయమైన మహాకాయము.

పత్రికని జరాసంధుడితో పోల్చడమే న్యాయం. పొద్దున ఒకటిగా వస్తుంది. ఎవరో ఒకరు పట్టుకుని నిలువునా చీల్చి, క్రీడల పేజీ ఒక దిక్కుకి, సంపాదకీయం ఒక దిక్కుకి విసురుతారు. సాయంత్రం మేల్విచారకులవారు ముక్కలన్నీ ఏరి అతికిస్తే మళ్లీ లేచి కూర్చుంటుంది. కాకపోతే ఒక్కొక్కప్పుడు మూడో పేజీ తర్వాత పదకొండో పేజీ వస్తుంది.

యుద్ధానికి కారణం జిల్లా పేజీ. ఢిల్లీ వార్త ఎవరికైనా ఇచ్చేస్తారు గానీ, పావగడకి తుంగభద్ర హిన్నీరు, అంటే ఆనకట్ట వెనక నీళ్లు, ఎంతదాకా వచ్చిందో చెప్పే మూల ఎవరూ వదలరు. యువకుడు బల్ల మీద వెతికాడు, బల్ల కింద వెతికాడు. పేజీ లేదు. అప్పుడు చూశాడు, తాత కుడి తొడ కింద నుంచి తొంగిచూస్తున్న తెల్లటి అంచు.

"తాతా, ఆ జిల్లా పేజీ ఇస్తివా?"

"నేనింకా చదవలేదప్పా."

"చదవనిదాన్ని కింద ఎందుకు పెట్టుకుంటివి?"

"గాలికి పోతాదని."

వాయుదేవుడు పైన ఏమీ ఎరగనట్టు తిరుగుతున్నాడు. దుర్యోధనుడి తొడకి భీముడు దొరికాడు. ఈ తొడకి దొరకలేదు. అడ్డువచ్చింది బస్సు తప్పిన మామ. "స్వల్ప తొడ ఎత్తు తాతా, వాడు చదివి మనకు చెప్తాడు" అని సంధి కుదిర్చాడు. శ్రీకృష్ణుడి రాయబారం కంటే ఇది నయం, ఫలించింది. తొడ లేచింది, పేజీ బయటపడింది, వెచ్చగా, ఒక పక్క నలిగి.

యువకుడు కన్నడంలో పైకి చదివాడు. ఆ తర్వాత జరిగినదంతా తెలుగులో. నాకు ముచ్చటేసేది ఇక్కడే. ఆ గదిలో కళ్లు కన్నడం, నోళ్లు తెలుగు. అక్షరం కంటి దగ్గర ఒక భాషగా దిగి, గొంతు దాటేలోపు ఇంకో భాషలో తిట్టుగా మారుతుంది. నీళ్లు వచ్చేస్తాయని మామ. వచ్చినప్పుడు కదా అని తాత. పైపు వేసిన దారిలో తన చేను ఉంది కాబట్టి తనకన్నీ తెలుసని గుమ్మంలో క్యాను పెట్టుకుని నిలబడిన ఇంకొకాయన. మేల్విచారకులవారు తలెత్తకుండా పెన్నుతో గోడ మీది శాసనం వైపు చూపించారు. దారం అంత దూరం రాలేదు. శాసనం అమలు కాలేదు.

రంగనాథన్ గారి సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అని ఒకటుంది. ఒకే పేజీకి నలుగురు పాఠకులు తగిలితే ఏంచేయాలో మహర్షి సెలవివ్వలేదు. పాఠకుడి సమయాన్ని ఆదా చెయ్యమని మరొకటి. ఇక్కడ తాత దగ్గర సమయం దండిగా ఉంది. ఆదా చెయ్యాల్సింది ఆ కళ్లద్దాల దారాన్ని.

మూలన పరీక్షల మునులు తపస్సులో ఉన్నారు. పంచాయతీలో పి.డి.ఓ. కావాలని ఒకరు, కానిస్టేబులని ఒకరు. వీళ్లని చెడగొట్టడానికి ఇంద్రుడు అప్సరసని పంపక్కర్లేదు. ఆమె జేబులోనే ఉంది, రోజుకింత డేటాతో.

బడి గంట కొడితే కథ మారుతుంది. పిల్లల సేన దుమ్ము లేపుతూ వస్తుంది. 2020లో మొదలైన 'ఓదువ బెళకు' కార్యక్రమం పుణ్యమా అని పల్లె గ్రంథాలయాల్లో పిల్లలకి సభ్యత్వం ఉచితం. పెద్దలు కుర్చీల కోసం పోరాడే చోట వీళ్లకి నేల చాలు. చూస్తూండగా బొమ్మల కథల అట్టపెట్టె ఖాళీ. పుస్తకాన్ని చివరి నుంచి తిప్పేవాడొకడు, బొమ్మలో ఏనుగుకి పెన్సిలుతో మీసం పెట్టేవాడొకడు.

ఈ సేనలో నాయిక ఒకతె. నాలుగో తరగతి, రిబ్బను ఒక జడకే మిగిలింది. అందరూ అక్కడే చదివి పారేస్తే, ఈమె రిజిస్టరులో పేరు రాసి పుస్తకం ఇంటికి పట్టుకుపోతుంది. ఇంట్లో అవ్వ ఉంది. అవ్వకి కన్నడం వచ్చు గానీ, కథ మాత్రం తెలుగులో చెబితేనే కథ. కాబట్టి మనుమరాలు కన్నడం వాక్యం చూసి తెలుగులో చెబుతూ పోతుంది. ఏ భాషాంతరీకరణ అకాడమీకీ తెలియకుండా జరిగే పని ఇది. నక్కా కోడిపుంజూ కథ. చివర నక్క మోసపోయి అడవికి పారిపోయింది.

"నక్క అంత తెలివి తక్కువదా? నువ్వు సరిగ్గా చదవలేదు" అంది అవ్వ.

"బుక్కులో అట్లే ఉంది అవ్వా."

"అట్లయితే రాసినోనికి నక్క సంగతి తెలీదు."

మర్నాడు సాయంత్రం నాయిక తాత సింహాసనం పక్కనుంచి, తుంగభద్ర తగువు మధ్యనుంచి నేరుగా బల్ల దగ్గరికి నడిచి పుస్తకం పెట్టింది. "ఈ కథకి మా అవ్వ ఒప్పలేదు సార్" అంది. "ఇంకొకటి ఇవ్వండి. నక్క గెలిచేది."